ఎడమ వింగులోంచి చూసిన కాపురం

పిన్నిగారి సంవత్సరీకానికి విద్యానగర్ వెళ్ళినప్పుడు, భోజనాలయ్యాక వాళ్ళ పెద్దబ్బాయి అటక మీద నుంచి ఒక రేకుపెట్టె దింపించి, "నాన్నగారి నాటకాల సామాను ఇందులో ఉందండీ. ఏది దేనికో మాకెవరికీ తెలియదు, మీరొకసారి చూసి చెప్పండి" అన్నాడు. మూత తీయగానే స్పిరిట్ గమ్ వాసన గుప్పుమంది. సీసా అడుగున బంక ఎండి గోధుమరంగు పొరగా మిగిలింది గాని వాసన మాత్రం చావలేదు. దాని పక్కన క్రేప్ జుట్టుతో చేసిన రెండు మీసాలు, నల్లదొకటి, నెరిసినదొకటి, వార్తాపత్రిక ముక్కల్లో విడివిడిగా చుట్టి ఉన్నాయి. అన్నిటికీ అడుగున నా చేతిరాతతో నిండిన పొడుగు నోటుపుస్తకం కనబడింది. అది మా నాటకానికి ప్రాంప్టరు ప్రతి, అంటే నటులకు మాటలు అందించేవాడి దగ్గర ఉండే రాతప్రతి. ఎడమ వింగులో, అంటే వేదిక పక్కన తెర చాటున, స్టూలు మీద కూర్చుని, టార్చిలైటుకు ఎర్రగుడ్డ చుట్టి, అందులోని మాటలను పెదవుల మీదే పలుకుతూ, ఇద్దరు మనుషుల కాపురాన్ని మొదటి రాత్రి నుంచి ఇల్లు ఖాళీ చేసే రోజు వరకు నేను ఎన్నో ఏళ్ళపాటు చూశాను. ఆ నాటకం తాలూకు ఏ కరపత్రంలోనూ పిన్నిగారి పేరు లేదు. రచయిత, దర్శకుడు, నటీనటులు, దీపాలు, సంగీతం, చివరికి కుర్చీలు అద్దెకిచ్చినవారి పేరుతో సహా అచ్చయ్యాయి. ఆమె ఆ నాటకానికి ఏం చేశారో చెప్పగలవాళ్ళు ఇప్పుడు నాలాంటివాళ్ళు కొద్దిమందే మిగిలారు కనుక ఇది రాస్తున్నాను.

* * *

అప్పట్లో నేను సైఫాబాద్‌లోని ఒక ప్రభుత్వ కార్యాలయంలో టైపిస్టుగా కొత్తగా చేరాను. హైదరాబాదులో సచివాలయం మొదలుకొని బ్యాంకుల వరకు ఎక్కడ చూసినా ఉద్యోగుల నాటక బృందాలుండే రోజులవి. సాయంత్రం అయిదు దాటగానే ఫైళ్ళకు తాళ్ళు బిగించి, లక్డీకాపూల్‌లో ఇరానీ హోటలుకు వెళ్ళి ఒక చాయ్ ఇద్దరం పంచుకుని, బస్సులో నిలబడే సంభాషణలు వల్లెవేసుకుంటూ విద్యానగర్ చేరేవాళ్ళం. మా సెక్షను సూపరింటెండెంటుగారే మా బృందంలో ప్రధాన నటులు. కార్యాలయంలో ఆయనను సార్ అనేవాణ్ణి. రిహార్సళ్ళు వాళ్ళింటి ముందుగదిలో జరిగేవి కనుక, అక్కడ ఆయన భార్యను పిన్నిగారూ అని పిలవడం అలవాటై, ఆయన కూడా బాబాయిగారయ్యారు.

మా దర్శకులు కళాశాలలో తెలుగు పాఠాలు చెప్పి విరమించిన పెద్దమనిషి. అందరికీ ఆయన మేష్టారే. మన రంగస్థలం పెళ్ళి దగ్గరే ఆగిపోయిందన్నది ఆయన బాధ. 1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శించిన కన్యాశుల్కం మొదలుకొని, వరకట్నాన్ని చీల్చి చెండాడిన వరవిక్రయం దాకా, మన గొప్ప నాటకాలు పెళ్ళి ఎలా జరగకూడదో చెప్పాయి గాని, పీటల మీద నుంచి లేచిన ఆ ఇద్దరూ తరువాత ముప్ఫై, నలభై ఏళ్ళు ఒకే కప్పు కింద ఎలా బతికారో చూపించలేదని ఆయన తరచు అనేవారు. ఆ లోటు తీరే నాటకమొకటి ఆడకుండా రంగస్థలం విడిచిపెట్టనని ఆయన పట్టుదల.

అటువంటి నాటకాన్ని ఆయన ఇంగ్లీషులో చదివి ఉన్నారు. జాన్ డి హార్టోగ్ అనే డచ్చి రచయిత రాసిన ‘ది ఫోర్‌పోస్టర్’ 1951లో న్యూయార్కులోని బ్రాడ్వేలో ప్రదర్శితమై, మరుసటి ఏడాది ఉత్తమ నాటకంగా టోనీ బహుమతి పొందింది. అందులో పాత్రలు రెండే, గది ఒక్కటే, ఆ గదిలో ఒక పందిరి మంచం. 1890లో పెళ్ళినాటి రాత్రి మొదలై, 1925లో ఆ దంపతులు ఇల్లు విడిచి వెళ్ళడంతో కథ ముగుస్తుంది. బ్రాడ్వేలో ఆ పాత్రలు ధరించిన హ్యూమ్ క్రోనిన్, జెస్సికా టాండీ నిజజీవితంలోనూ భార్యాభర్తలే. 1942లో పెళ్ళాడి, 1994లో ఆమె కన్నుమూసేదాకా కలిసే బతికారు. మేష్టారు ఆ నాటకంలోంచి మంచాన్నీ, ఇద్దరు మనుషులనూ, వాళ్ళ మీదుగా గడిచిపోయే కాలాన్నీ మాత్రమే తీసుకుని, తక్కినదంతా తాను చూసిన ఇళ్ళలోంచి రాశారు.

1956 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ఏర్పడి, రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు మారినప్పుడు, ఫైళ్ళ కట్టల వెంట ఎందరో గుమాస్తాలు కూడా ఇక్కడికి తరలి వచ్చారు. మా నాటకంలో భర్త వాళ్ళలో ఒకడు. చిక్కడపల్లిలో రెండు గదుల వాటా అద్దెకు తీసుకుని కొత్త కాపురం పెట్టిన రాత్రి మొదటి రంగం. డచ్చి నాటకంలో రెండో రంగం భార్య పురిటినొప్పుల మధ్య నడుస్తుంది. మనకు తొలి కాన్పు పుట్టింట్లో కనుక, మేష్టారు దాన్ని మార్చి, అయిదో నెల పిల్లను ఎత్తుకుని తిరిగి వచ్చిన భార్యకూ, ఆమె లేనన్నాళ్ళూ ఇంటిని సత్రంలా వాడుకున్న భర్తకూ మధ్య జరిగే సంభాషణగా రాశారు. మూడో రంగంలో, స్నేహితుడి అప్పుకు హామీ ఉండి, ఆమెకు చెప్పకుండా ఆమె గాజులు తాకట్టు పెట్టిన సంగతి బయటపడుతుంది. నాలుగో రంగం కూతురి అప్పగింతలయ్యాక, బంధువులంతా వెళ్ళిపోయిన ఇల్లు.

మేష్టారు అయిదో రంగం రాస్తుండగానే 1983 వచ్చింది. రాష్ట్రంలో ప్రభుత్వోద్యోగుల విరమణ వయసును 58 నుంచి 55కు తగ్గించారు. ఇంకా మూడేళ్ళ జీతం వస్తుందని లెక్క వేసుకుని, ఆ లెక్క మీద అప్పులూ పెళ్ళిళ్ళూ పెట్టుకున్న మనుషులు ఉన్నట్టుండి ఇళ్ళకు చేరారు. మా కార్యాలయంలోనే వరసగా ఖాళీ అయిన కుర్చీలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. మేష్టారు అప్పటిదాకా రాసిన కాగితాలు చించివేసి, అయిదో రంగాన్ని ఆ మనుషుల్లో ఒకడి ఇంట్లో, అద్దె కట్టలేక సొంత ఊరికి మూట కట్టుకునే పొద్దున, మళ్ళీ మొదలుపెట్టారు.

* * *

మంచం జుమ్మేరాత్ బజారులో దొరికింది. పురానాపూల్ దగ్గర గురువారం నాడు జరిగే ఆ పాతసామాన్ల సంతలో, తలుపులు, కిటికీలు, గడియారాల నడుమ, విడదీసిన టేకు ముక్కలుగా నేల మీద పడి ఉంది. నాలుగు కోళ్ళు, నాలుగు పందిరి గుంజలు, వాటిని కలిపే పట్టెలు. కోళ్ళకు చిత్రిక పట్టిన వంపులున్నాయి. గుంజల కొనలకు ఇత్తడి తొడుగులు. మూడు గుంజలు కోళ్ళ మీది రంధ్రాల్లో బిగుతుగా దిగేవి గాని, తలాపి వైపు ఎడమ గుంజ మాత్రం వదులుగా ఉండి, ఎవరైనా మంచం మీద కూర్చుంటే కిర్రుమని అటూ ఇటూ ఊగేది. వడ్రంగిని పిలిపిద్దామని బాబాయిగారంటే, మేష్టారు ఒప్పుకోలేదు. మొదటి రంగంలో ఆ చప్పుడుకు కొత్త పెళ్ళికూతురు ఉలిక్కిపడుతుంది. రెండో రంగంలో చప్పుడు కాకుండా ఉండాలని, పిల్ల లేస్తుందని, భర్త గుంజను చేత్తో పట్టుకుని మెల్లగా కూర్చుంటాడు. మూడో రంగంలో ఆయన పేపరు ముక్క మడిచి రంధ్రంలో దోపుతాడు. ఆ పేపరు ముక్క అయిదో రంగందాకా అక్కడే ఉంటుంది. సామాను కట్టేటప్పుడు ఆమె దాన్ని పైకి లాగి, విప్పి, అందులోని పాత వార్త చదువుతుంది. ఈ సంగతులన్నీ రాతప్రతిలో లేవు. మంచం కొన్నాక పుట్టాయి.

భార్య పాత్ర వేసిన అక్కయ్య సురభి కుటుంబంలో పుట్టినవారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలై శాఖోపశాఖలైన ఆ సమాజాల్లో తాతలూ మనవలూ కలిసి నాటకమాడతారు. స్త్రీ పాత్రలను స్త్రీలే ధరించడం వాళ్ళలో ఎప్పటి నుంచో ఉన్న సంప్రదాయం. పబ్లిక్ గార్డెన్స్‌లోని లలిత కళా తోరణంలో సురభివారి ప్రదర్శనలకు మమ్మల్నందరినీ అక్కయ్యే వెంటబెట్టుకుని తీసుకువెళ్ళేవారు. తెర వెనక ఉయ్యాలలో తాను నిద్రపోతుంటే, అమ్మ రుక్మిణి వేషంలో వచ్చి పాలిచ్చి మళ్ళీ రంగస్థలం మీదికి పోయేదనీ, వేదిక మీద కృష్ణుడు నాన్నేననీ ఆమె చెప్పేవారు. పరిషత్తు నాటకాలకు, అంటే నాటక పోటీల్లో ఆడేవాటికి, నటీమణులు బహు కొద్దిమంది దొరికే కాలమది. ఒకే సమయంలో మూడు, నాలుగు బృందాలకు పనిచేస్తూ, కూరగాయల సంచిలో రాతప్రతులు పెట్టుకుని బస్సులు మారి ఆమె రిహార్సలుకు వచ్చేవారు. ఒక్కనాడూ సమయం తప్పలేదు.

* * *

రిహార్సళ్ళు మొదలైన కొత్తలో, అన్ని రంగాల్లోనూ భార్య కాఫీ ఇచ్చే తీరు ఒక్కటిగానే ఉండేది. వంటగదిలోంచి వచ్చి, గ్లాసు భర్త చేతికందించి, పక్కన నిలబడి తన మాట చెప్పేది. అది మాలో ఎవరికీ లోపంగా తోచలేదు. ఒకనాటి సాయంత్రం నాలుగో రంగం నడుస్తుండగా, గుమ్మం దగ్గర కొంగు చేత పట్టుకుని చూస్తున్న పిన్నిగారు, "అన్నయ్యగారూ, ఒక్క మాట చెప్పనా?" అని మేష్టారిని అడిగారు.

"చెప్పమ్మా."

"పెళ్ళయి పాతికేళ్ళయిన మనిషి గ్లాసు చేతికివ్వదండీ. ఆయన చెయ్యి ఎక్కడికొస్తుందో అక్కడ పెట్టి పోతుంది."

మేష్టారు కళ్ళజోడు తీసి, "ఒకసారి చేసి చూపించు తల్లీ" అన్నారు. పిన్నిగారు సిగ్గుపడి లోపలికి వెళ్ళిపోయారు. చూపించరనే అనుకున్నాం. కాసేపటికి నిజంగానే కాఫీ కలుపుకుని వచ్చారు. బాబాయిగారు పడక కుర్చీలో కూర్చుని కుడిచేత్తో పేపరు పట్టుకుని చదువుతున్నారు. పిన్నిగారు నడక ఆపకుండానే వంగి, ఆయన ఎడమ మోచేతికి జానెడు దూరంలో ఉన్న ముక్కాలిపీట మీద గ్లాసు ఉంచి, పీట మీద పడి ఉన్న కళ్ళజోడు పెట్టెను అదే చేత్తో పక్కకు జరిపి, కిటికీ మీద ఆరవేసిన తువ్వాలు తీసుకుని లోపలికి నడిచారు. బాబాయిగారు పేపరు మీంచి చూపు మరల్చకుండా ఎడమచెయ్యి చాపారు. చెయ్యి సరిగ్గా గ్లాసు మీదికి వెళ్ళింది. ఆయన నటించడం లేదు. తన ఇంట్లో రోజూ జరిగేదే జరిగింది కనుక, మేమంతా ఎందుకు తనవైపే చూస్తున్నామో ఆయనకు కాసేపు తెలియలేదు.

ఆ రాత్రి మేష్టారు అయిదు రంగాల్లోని కాఫీలనూ తిరగరాశారు. మొదటి రంగంలో ఇత్తడి గ్లాసు కాలుతుంటే పమిట చెంగుతో పట్టుకుని, రెండు చేతులా అందించి, ఆయన మొదటి గుక్క తాగేదాకా ఆమె కదలదు. రెండో రంగంలో చంకన పిల్ల, ఒంటిచేత్తో స్టీలు గ్లాసు, సగం కాఫీ నేల మీదే. గాజులు తాకట్టు పెట్టిన సంగతి తెలిసిన రోజున, గ్లాసును గదికి అవతల గడప పక్కన నేల మీద పెట్టి వెళ్ళిపోతుంది. రంగం పొడుగునా ఆ గ్లాసు అక్కడే ఉంటుంది. వాళ్ళు ఎంత వాదించుకున్నా, ఎవరు ఏడ్చినా, ప్రేక్షకుల చూపు పదేపదే దాని మీదికే పోతుంది. చివరికి ఆమే వచ్చి ఆ చల్లారిన గ్లాసు తీసుకుని వేడిచేయడానికి లోపలికి నడుస్తుంది. క్షమించానన్న మాటను మేష్టారు ముందు రాసి ఉంచారు; దాన్ని కొట్టివేశారు. నాలుగో రంగంలో, కూతురిని పంపించిన సాయంత్రం, ఆమె పళ్ళెంలో మూడు గ్లాసులు తెస్తుంది. రెండు కింద పెట్టి, మూడోదాన్ని చూసి, మాట్లాడకుండా వెనక్కి తీసుకుపోతుంది. అయిదో రంగంలో కాఫీ ఆయన కలుపుతాడు. సామానంతా కట్టేశారు కనుక బయట మిగిలింది ఒక్క గ్లాసే. సగం ఆమె తాగి సగం ఆయనకిస్తుంది. అందులో చక్కెర వేయలేదన్న సంగతి తాను తాగేటప్పుడు ఆమె చెప్పదు.

సినిమాల్లోనూ నాటకాల్లోనూ దాంపత్యమంటే పెద్ద పెద్ద మాటలు చెప్పించే అలవాటు మనకు చాలా ఉంది. ఆ మాటలు ఎంత గొప్పగా రాసినా, అవి రచయిత గొంతులోనే వినబడతాయని నా నమ్మకం. ఆ మూడో గ్లాసు దగ్గర మాత్రం, చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో ఆడినా, ఏదో ఊరి బడి ఆవరణలో ఆడినా, ఆడవాళ్ళు కూర్చున్న వైపు నుంచి ఒక నిట్టూర్పు తప్పకుండా వచ్చేది.

అప్పటి నుంచి అక్కయ్య రిహార్సలుకు ముందే వచ్చి వంటగదిలో పిన్నిగారి పక్కన కూర్చోవడం మొదలుపెట్టారు. ఆకాశవాణి హైదరాబాద్ కేంద్రం నాటకం వస్తూ శారదా శ్రీనివాసన్ గారి గొంతు వినబడితే పిన్నిగారు చేస్తున్న పని ఆపి రేడియో దగ్గరికి వెళ్ళేవారు. అక్కయ్య మాత్రం రేడియో వైపు కాక పిన్నిగారి వైపు చూసేవారు. కత్తిపీట ముందు నుంచి ఆమె ఎలా లేస్తున్నారో, ముందు ఏ చెయ్యి నేలకు ఆనిస్తున్నారో, లేచాక నడుము సరిచేసుకుని అడుగు వేయడానికి ఎంతసేపు ఆగుతున్నారో గమనించేవారు. వయసు జుట్టులో కన్నా లేవడంలోనే ముందు తెలుస్తుందని నాకు చెప్పింది అక్కయ్యే. మొదటి రంగంలో చేతులు ఆనించకుండా లేచిన ఆ మనిషి, అయిదో రంగంలో మంచం పట్టె పట్టుకుని రెండుసార్లుగా లేచేవారు.

* * *

రంగానికీ రంగానికీ మధ్య ఉండే చీకటి మాకు అన్నిటికంటే కష్టమైన భాగం. పరిషత్తు పోటీల్లో సమయపాలన కచ్చితం. తెర దించితే జనం లేస్తారు, పట్టు సడలుతుంది. అందుకని దీపాలు ఆర్పి, నిమిషం, నిమిషంన్నర లోపల ఏళ్ళకేళ్ళు గడపాలి. దీపం ఆరగానే బాబాయిగారు కుడి వింగులోకి వచ్చేవారు. అక్కడ పిన్నిగారు తడి తువ్వాలు, దువ్వెన, జింకు పొడి, మీసాలు, కళ్ళజోడు ఒక పళ్ళెంలో వరసగా పెట్టుకుని చీకట్లో నిలబడి ఉండేవారు. ఏది ఎక్కడుందో తడుముకునే అవసరం ఆమెకు ఉండేది కాదు. నల్ల మీసం లాగి, పై పెదవి తుడిచి, స్పిరిట్ గమ్ రాసి, నెరిసిన మీసం అద్ది, బొటనవేలితో అదిమి పట్టుకునేవారు. ఆ లోపల రెండో చేత్తో చెంపల మీద జింకు పొడి దువ్వడం కూడా అయిపోయేది. నాలుగో రంగం ముందు ఆమె ఆ పొడి అద్దుతుండగా ఎదుటి వింగులోంచి నేను చూస్తుండేవాణ్ణి. టార్చి వెలుగు కొద్దిగా అటు పడ్డప్పుడు, ఆమె చెంపల దగ్గర ఉన్న నెరుపు, ఆయనకు ఆమె అద్దుతున్న నెరుపు ఒకే మేరకు ఉన్నట్టు కనబడేది. ఆమె తన జుట్టు కొలతగానే ఆయన వయసు పెంచేవారని తరువాత ఆమె మాటల్లోనే విన్నాను.

చీకట్లో కాలం గడిచినట్టు జనానికి తెలియడానికి శబ్దాలు వేసేవాళ్ళం. ఆ పని కూడా నాదే. టేపు రికార్డరు పట్టుకుని పొద్దున్నే తిరిగి శబ్దాలు పట్టేవాణ్ణి. మొదటి చీకట్లో పంపు స్టవ్వు కొట్టే చప్పుడు, రిక్షా గంట. రెండో దాంట్లో ఆజమాబాద్ ఫ్యాక్టరీల వైపు నుంచి వచ్చే సైరన్, దాని మీద పిల్లలు ఎక్కాలు చదివే రాగం. తరువాత మంగళవాద్యాలు. నాలుగో చీకట్లో దూరదర్శన్ కార్యక్రమాలు మొదలయ్యేటప్పుడు వచ్చే బాణీ. హైదరాబాద్ కేంద్రం 1977లో మొదలైంది కనుక, ఆ ఒక్క బాణీతో నాటకం ఏ కాలానికి వచ్చిందో జనానికి తెలిసిపోయేది. ఇప్పుడు ఆ శబ్దాల్లో చాలా భాగం ఊళ్ళో లేవు. సైరన్‌ను బట్టి గడియారం సరిచేసుకున్న ఇళ్ళు చిక్కడపల్లిలో ఒకప్పుడు వీధి వీధికీ ఉండేవని చెబితే, మా పిల్లలు ఆశ్చర్యపోతారు.

* * *

ముగింపు గురించి మేష్టారికీ పిన్నిగారికీ చివరిదాకా పేచీ నడిచింది. పరిషత్తు న్యాయనిర్ణేతలకు కన్నీళ్ళు కావాలని అనుభవజ్ఞులు చెప్పగా, మేష్టారు అయిదో రంగంలో భార్య చనిపోయేటట్టు రాశారు. కాఫీ తాగి, ఒక్క క్షణం నడుము వాలుస్తానని మంచం మీదికి చేరిన మనిషి మళ్ళీ లేవదు; బయట బండివాడు పిలుస్తుంటాడు. అక్కయ్య ఆ ఘట్టాన్ని అద్భుతంగా చేసేవారు. కోస్తాలో ఒక పరిషత్తులో ఆ ముగింపుతోనే మాకు ఉత్తమ ప్రదర్శన బహుమతి, ఆమెకు ఉత్తమ నటి బహుమతి వచ్చాయి. జనం కళ్ళు తుడుచుకుంటూ గ్రీన్ రూంకు వచ్చారు. పిన్నిగారు మాత్రం మీసాలు విప్పి కాగితంలో చుడుతూ, "అన్నయ్యగారూ, చచ్చిపోతే ఎవరైనా ఏడుస్తారండీ. ఇద్దరూ బతికుండి, చేతిలో డబ్బు లేక, ఆ వయసులో మళ్ళీ కాపురం పెట్టుకోవడానికి బయలుదేరడం చూపించండి. అది చూడగలరేమో కనుక్కోండి" అన్నారు.

మేష్టారు ఆ రాత్రి జవాబు చెప్పలేదు. రవీంద్ర భారతిలో ప్రదర్శన ఖాయమయ్యాక, రెండో ముగింపు రాసుకుని వచ్చారు. టాగోరు శతజయంతి సందర్భంగా 1961లో ప్రారంభమైన ఆ రంగశాల మీద ఆడటమంటే మాబోటి ఉద్యోగుల బృందానికి చిన్న విషయం కాదు. ఎదురుగా కూర్చున్నవాళ్ళలో సగం మంది ప్రభుత్వోద్యోగులూ, వాళ్ళ భార్యలూ. వాళ్ళలో 1983లో ముందుగా ఇంటికి చేరినవాళ్ళు కొద్దిమంది కాదు. ఆ సాయంత్రం ఆడిన ముగింపులో, మంచం విప్పి గుంజలు గోడకు చేరవేసి, ఇద్దరూ చెరొక సంచి పట్టుకుని గుమ్మం దాటుతారు. తలుపు మూసుకుంటుంది. ఖాళీ వేదిక మీద వెలుగు అలాగే ఉంటుంది. బయటి నుంచి మాటలు మాత్రం వినబడతాయి.

"తాళం వేశారా?"

"వేశాను."

"లాగి చూశారా?"

"చూశానంటున్నా కదా!"

"ఏదీ, ఇంకోసారి లాగండి."

తలుపు గొళ్ళెం గట్టిగా మోగుతుంది. ఆ తరువాత దీపాలు ఆరతాయి. నాటకం అయిపోయిందని తెలియడానికి జనానికి కాస్త సమయం పట్టింది. మొదట వెనక వరసల్లో ఎవరో నవ్వారు. ఆ నవ్వు ముందుకు పాకి వచ్చి, చప్పట్లుగా మారి, మధ్య వరసల్లో పెద్దవాళ్ళు లేచి నిలబడ్డారు. ఏడ్చినవాళ్ళూ ఉన్నారు, కానీ వాళ్ళు పక్కనున్న మనిషి చెయ్యి పట్టుకుని ఏడ్చారు. చావు ముగింపుకు జనం ఎవరికివారే ఒంటరిగా ఏడ్వడం నేను చాలాసార్లు చూశాను కనుక, ఈ తేడా వింగులోంచి కూడా నాకు స్పష్టంగా తెలిసింది. పిన్నిగారు చెప్పిందే సరి అయినదని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను.

ఆపైన ఎక్కడ ఆడినా ఆ ముగింపే ఉంచాం. మరుసటి పరిషత్తులో నాటకం తేలిపోయిందనీ, చివర్లో బరువు లేదనీ న్యాయనిర్ణేతలు అభిప్రాయపడ్డారు. మాకే బహుమతీ రాలేదు. తిరుగు ప్రయాణంలో, మంచం ముక్కలు బ్రేకు వ్యానులో వేయించి రైలెక్కాక, బాబాయిగారు పై బెర్తు మీద నిద్రపోతుంటే, మేష్టారూ పిన్నిగారూ కిటికీ పక్కన ఎదురెదురుగా కూర్చుని, నాలుగో రంగంలో ఆ మూడో గ్లాసు వెనక్కి తీసుకుపోయిన మనిషి అందులోని కాఫీని ఏం చేస్తుందో, పారబోస్తుందా, తానే తాగుతుందా అని సికింద్రాబాదు వచ్చేదాకా వాదించుకుంటూనే ఉన్నారు.